తీగ తెగితే విమానం ఏమవుతుంది?

బ్యాటరీ లేని పాత స్కూటరు మీరెప్పుడైనా నడిపి ఉంటే ఒక సంగతి గమనించే ఉంటారు. ఎంజిను జోరు పెంచితే హెడ్‌లైటు బాగా వెలిగేది, తగ్గిస్తే మిణుకుమిణుకుమనేది. స్పార్క్ ప్లగ్గుకు కావలసిన కరెంటును కూడా ఎంజినుతో పాటు తిరిగే అయస్కాంతమే పుట్టించేది. దాని పేరు మాగ్నెటో. ఇక బండిని ఆపే బటన్ సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. అది తీగను విడదీయదు. మాగ్నెటో తీగను బండి చట్రానికి కలిపేస్తుంది. ఇంట్లో స్విచ్చు వేస్తే వలయం పూర్తయి దీపం వెలుగుతుంది. ఇక్కడ వలయం పూర్తయితే ఎంజిను ఆగిపోతుంది.

నేడు ఎగురుతున్న చిన్న విమానాల్లో కూడా చాలావాటి ఎంజిన్లకు ఇలాంటి మాగ్నెటోలు రెండేసి ఉంటాయి. బ్యాటరీ చచ్చినా, విమానంలోని తీగలన్నీ కాలిపోయినా ఎంజిను తిరుగుతూనే ఉంటుంది. అయితే ఈ ధీమాకు ఇంకో పక్క ఉంది. స్విచ్చు నుంచి మాగ్నెటోకు వెళ్ళే సన్నటి తీగ ఎక్కడో తెగిందనుకోండి. స్విచ్చు 'ఆఫ్'లో ఉన్నా మాగ్నెటో బతికే ఉంటుంది. నేలమీద నిలిపి ఉన్న విమానం ప్రొపెల్లరును ఎవరైనా చేత్తో కదిపితే ఎంజిను ఒక్కసారిగా అందుకోవచ్చు. అందుకే ఆగి ఉన్న ప్రొపెల్లరును కూడా తిరుగుతున్నదాని లాగే చూడాలని శిక్షణలో నేర్పుతారు.

తీగ తెగితే ఏమవుతుంది? ఇంట్లో విమానాలు కట్టుకునే వాళ్ళ చరిత్రను ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని చూడవచ్చు.

ఖాళీగా వచ్చే రేకు

సొంత చేతులతో విమానం కట్టుకోవడం అమెరికాలో పాత సరదాయే. 1929లో మిన్నెసోటా రాష్ట్రానికి చెందిన బెర్నార్డ్ పీటెన్‌పోల్ ఫోర్డ్ కారు ఎంజినుతో చెక్క విమానం ఎగరేశాడు. 1953లో పాల్ పోబెరెజ్నీ ఇలాంటి వాళ్ళందరినీ కూడగట్టి ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్‌ను స్థాపించాడు. విమానం పనిలో సగానికి పైగా ఔత్సాహికులే చేసి ఉంటే 'ప్రయోగాత్మక' తరగతి కింద అక్కడ అనుమతి ఇస్తారు. 1970ల నుంచి బర్ట్ రూటాన్ గీసిన ఫైబర్‌గ్లాస్ విమానాల నక్షాలు, రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ అమ్మిన 'ఆర్‌వి' కిట్లు ఈ సరదాను వేలమందికి అందించాయి. రాను రాను కిట్లలో రేకులకు రంధ్రాలు కూడా ముందే పొడిచి ఇవ్వడం మొదలైంది.

ఒక్క చోటు మాత్రం చాలాకాలం ఖాళీగానే వచ్చింది. అది పైలట్ ముందుండే ఇన్‌స్ట్రుమెంట్ ప్యానెల్, ఒక నున్నటి అల్యూమినియం రేకు. ఏ పరికరం పెట్టాలి, ఎక్కడ పెట్టాలి, దానికి కరెంటు ఎటునుంచి రావాలి అన్నవన్నీ కట్టేవాడి ఇష్టమే.

ఈ ఇష్టం ఎంత బరువైనదో 1997లో లోకానికి తెలిసింది. ఆ ఏడాది అక్టోబరు 12న గాయకుడు జాన్ డెన్వర్ కాలిఫోర్నియాలో, మాంటరే దగ్గర, తన లాంగ్-ఈజీ విమానం సముద్రంలో కూలి మరణించాడు. రూటాన్ రూపొందించిన ఆ విమానాన్ని కట్టింది వేరొకరు. డెన్వర్ దాన్ని అప్పుడే కొన్నాడు. ఒక పెట్రోలు ట్యాంకు నుంచి ఇంకో ట్యాంకుకు మార్చే పిడి నక్షా ప్రకారం పైలట్ కాళ్ళ మధ్య ఉండాలి. పెట్రోలు గొట్టాలు మనిషి కూర్చునే చోటికి రాకూడదని, కట్టినవాడు దాన్ని పైలట్ ఎడమ భుజం వెనక్కి మార్చాడు. చూడండి, అతని ఉద్దేశం కూడా భద్రతే! కానీ ఆ పిడిని అందుకోవాలంటే పైలట్ ఒళ్ళు మెలితిప్పి తిరగాలి. అలా తిరిగేటప్పుడు కాలు రడ్డర్ పెడల్‌ను తొక్కేస్తుంది. ఏ వైపు తిప్పితే ఏ ట్యాంకో గుర్తులు కూడా లేవు. దర్యాప్తు సంస్థ చెప్పిన కారణాల్లో ఈ పిడి ఉన్న చోటు కూడా ఒకటి.

మూడు దారులు

రైట్ సోదరుల 1903 విమానంలో ఉన్నవి గాలి వేగం కొలిచే సాధనం, స్టాప్‌వాచీ, ఎంజిను చుట్లు లెక్కపెట్టే సాధనం. వీటిలో ఏదీ కరెంటుతో నడిచేది కాదు. 1929 సెప్టెంబరు 24న జేమ్స్ డూలిటిల్ బయటి లోకం కనపడకుండా కాక్‌పిట్ మూసుకుని, పరికరాలు మాత్రమే చూస్తూ పైకి లేచి తిరిగి దిగాడు. అప్పటి నుంచి బొంగరంలా గిర్రున తిరిగే గైరోస్కోపు ప్యానెల్‌లో స్థిరపడింది. మేఘాల్లో మన చెవిలోపలి సమతౌల్య జ్ఞానం మోసం చేస్తుంది. విమానం ఒరిగిందో లేదో గైరో చెప్పాలి.

తరవాతి యాభై అరవై ఏళ్ళలో చిన్న విమానాల ప్యానెల్‌కు ఒక చక్కటి ఏర్పాటు కుదిరింది. వేగం, ఎత్తు చూపే పరికరాలు బయటి గాలి ఒత్తిడితో పనిచేస్తాయి. ముఖ్యమైన గైరోలు ఎంజిను నడిపే గాలి పంపుతో తిరుగుతాయి. రేడియో, దీపాలు మాత్రం కరెంటు మీద ఆధారపడతాయి. ఒక దారి మూసుకుపోయినా మిగతా రెండూ ఉంటాయి. ఇది ఎవరో ఒకరు కూర్చుని వేసిన పథకమని నేననుకోను. దొరికిన సాధనాలు అలా కుదిరాయంతే. కానీ ఎంతోమంది ప్రాణాలు కాపాడిన కుదుర్పు అది. రూటాన్ అయితే వారిఈజీకి స్టార్టరు కూడా వద్దనుకున్నాడు. ప్రొపెల్లరును చేత్తో తిప్పి ఎంజిను స్టార్ట్ చేయడమే.

ఆకాశంలో 'ఎర్త్' ఎక్కడ?

ఇలాంటి విషయాలు తెలుగు చేసేటప్పుడు 'ఎర్త్' అన్న మాట దగ్గర నేను ప్రతిసారీ తడబడతాను. అయిదు వేల అడుగుల ఎత్తులో భూమి ఎక్కడిది? విమానంలో ఎర్త్ అంటే కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్ళే దారి. ఆర్‌వి లాంటి లోహపు విమానంలో ఒళ్ళంతా ఆ దారే. ఫైబర్‌గ్లాస్ విమానం కరెంటును మోయదు కాబట్టి ప్రతి పరికరానికీ రెండో తీగ కూడా వెయ్యాలి. ఆ తిరుగు తీగల్ని దొరికిన చోటల్లా బిగిస్తే హెడ్‌ఫోనులో ఆల్టర్నేటరు ఈల వినిపిస్తుంది. అన్నిటినీ ఒకే చోటికి తెచ్చి కలిపితే ఆ మోత పోతుంది.

ఇంటి వైరింగు తెలిసినవాళ్ళు ఇక్కడ ఇంకొన్ని అలవాట్లు మార్చుకోవాలి. ఇళ్ళలో వాడే పి.వి.సి. పూత కాలితే ఆమ్లపు పొగ వస్తుంది, ఇరుకు కాక్‌పిట్‌లో అది ప్రాణాంతకం. అందుకని టెఫ్జెల్ అనే పూత ఉన్న తీగ వాడతారు. గుండుసూది లావు తీగలో కూడా తగరం పూసిన 19 రాగి పోగులుంటాయి. ఒంటి తీగ అయితే ఎంజిను అదురుకు విరిగిపోతుంది. కొసను టంకం పెట్టి అతికితే టంకం పోగుల మధ్యకు పాకి, అది ఆగినచోట తీగ బిరుసెక్కి తెగే ప్రమాదముంది. కాబట్టి కొసను లోహపు తొడుగులో పెట్టి సరైన పనిముట్టుతో నొక్కి బిగించడమే ఎక్కువమంది ఎంచుకునే పద్ధతి. ఫ్యూజు విషయంలో కూడా చాలామందికి ఒక అపోహ ఉంది. అది పరికరాన్ని కాపాడుతుందనుకుంటారు. నిజానికి అది తీగ కాలకుండా కాపాడుతుంది. అందుకే ఫ్యూజును తీగ లావును బట్టి ఎంచుతారు.

1980ల చివర రాబర్ట్ నకోల్స్ అనే ఎలక్ట్రికల్ ఇంజనీరు వీళ్ళకోసం 'ఏరోఎలక్ట్రిక్ కనెక్షన్' అనే పుస్తకాన్ని విడతలు విడతలుగా రాయసాగాడు. విచిటా నగరపు విమాన కర్మాగారాల్లో పనిచేసిన అనుభవం ఆయనది. అప్పట్లో రేడియోలన్నిటికీ కలిపి ఒకే పెద్ద స్విచ్చు పెట్టడం ఆనవాయితీ. స్టార్టరు తిప్పినప్పుడు వచ్చే వోల్టేజి కుదుపులకు తొలినాళ్ళ ట్రాన్సిస్టర్లు పాడవుతాయన్న భయంతో వచ్చిన అలవాటది. ఆ ఒక్క స్విచ్చు చెడితే రేడియోలన్నీ ఒకేసారి మూగబోతాయి కదా అన్నాడు నకోల్స్. దాని బదులు ఆయన ప్రచారం చేసినది 'ఎండ్యూరెన్స్ బస్'. ఈ బస్సు మనం ఎక్కే బస్సుకు చుట్టమే. ఎందరినో మోసే 'ఆమ్నిబస్' అన్న మాట నుంచే ఎన్నో తీగలకు కరెంటు పంచే లోహపు పట్టీకి ఆ పేరు వచ్చింది. విమానం దిగేదాకా తప్పనిసరిగా కావలసిన నాలుగైదు పరికరాలను ఈ చిన్న పట్టీకి కలుపుతారు. దానికి కరెంటు రెండు దారుల్లో వస్తుంది. ఒకటి ప్రధాన పట్టీ నుంచి డయోడు గుండా, రెండోది ఒక స్విచ్చు గుండా నేరుగా బ్యాటరీ నుంచి. డయోడు ఒకవైపే వదులుతుంది కాబట్టి బ్యాటరీ కరెంటు వెనక్కి పారి వృథా కాదు.

లెక్క వేసి చూడండి. ఆల్టర్నేటరు పనిచేస్తుంటే వోల్టేజి 14 దాకా ఉంటుంది. అది ఆగిపోతే బ్యాటరీ ఒక్కటే మిగిలి 13 కంటే కిందికి దిగుతుంది, హెచ్చరిక దీపం వెలుగుతుంది. మీ దగ్గరున్నది 17 ఆంపియర్-అవర్ల బ్యాటరీ. అన్నీ కలిసి 17 ఆంపియర్లు లాగుతుంటే కొత్త బ్యాటరీ అయినా గంట మించి రాదు. నాలుగు ఆంపియర్లకు కుదిస్తే నాలుగు గంటలు. బ్యాటరీ పాతబడి సగానికి పడిపోయినా రెండు గంటలు మిగులుతాయి. చీకట్లో, మేఘాల పైన ఉన్నవాడికి ఆ రెండు గంటల విలువ వేరే చెప్పాలా?

పెద్ద విమానాలకు కూడా ఈ గొడవ తప్పలేదు. 1998 సెప్టెంబరు 2న స్విస్‌ఎయిర్ 111 కెనడా తీరంలో కూలి 229 మంది మరణించారు. ప్రయాణికుల వినోదం కోసం తరవాత అమర్చిన తీగల దగ్గర పుట్టిన నిప్పురవ్వ చుట్టూ ఉన్న ఇన్సులేషన్ దుప్పట్లను అంటించి ఉంటుందని దర్యాప్తులో తేలింది. పొగ వచ్చినప్పుడు ప్రయాణికుల గది కరెంటు తీసేయడానికి పైలట్లకు ఒక స్విచ్చు ఉంది. ఆ వినోద వ్యవస్థను దాని పరిధిలోకి రాకుండా కలిపారు.

గాజు తెర వచ్చాక

2003లో డైనన్ అనే అమెరికా కంపెనీ ఇంట్లో కట్టే విమానాల కోసం ఒక చిన్న తెరను అమ్మకానికి తెచ్చింది. పీచుమిఠాయి బండి చక్రంలా తిరిగే గైరోలకు బదులు అందులో చిన్న సిలికాన్ చిప్పులున్నాయి. ఇలాంటి చిప్పులను చవకచేసింది కార్ల పరిశ్రమ. ప్రయోగాత్మక తరగతి కావడంతో ఖరీదైన ధ్రువీకరణ అక్కర్లేకపోయింది. 2016లో అదే తెరను సెస్నా, పైపర్ కంపెనీల కొన్ని రకాల విమానాల్లో కూడా పెట్టుకోవచ్చని అమెరికా ప్రభుత్వం అనుమతించింది. గ్యారేజీలో పరీక్షకు నిలిచిన వస్తువు కర్మాగారపు విమానాల్లోకి వెళ్ళడమంటే నాకు ముచ్చటగానే ఉంటుంది. అయితే ఈ తెరలతో గాలి పంపు అవసరం తీరిపోయింది. వేగం, ఎత్తు, ఒరుగుడు అన్నీ ఒకే తెరలో చేరాయి. మూడు దారులు ఒకటయ్యాయి.

మన దేశంలో కూడా ఈ కథకు ఒక కొమ్మ ఉంది. బెంగళూరులోని నేషనల్ ఏరోనాటికల్ లేబొరేటరీ రూటాన్ లాంగ్-ఈజీ ఆధారంగా ఒక పరిశోధక విమానం కట్టి 1987లో ఎగరేసింది. ఆ అనుభవం తరవాత వచ్చిన రెండు సీట్ల శిక్షణ విమానం 'హంస' 1993లో తొలిసారి ఎగిరింది. దాని కొత్త రూపం 'హంస-ఎన్‌జి' 2021 సెప్టెంబరు 3న ఎగిరింది. దాని ప్యానెల్‌లో గాజు తెరలు, ముందు రోటాక్స్ కంపెనీ కంప్యూటరు నడిపే ఎంజిను ఉన్నాయి.

ఆ కంపెనీ 2012లో తెచ్చిన 912 ఐఎస్ ఎంజినులో పెట్రోలు చిమ్మడం, నిప్పురవ్వ పుట్టించడం రెండూ కంప్యూటరు పనే. పూర్తిగా కరెంటు పోతే ఎంజినే ఆగిపోతుంది. అందుకని దాని లోపలే రెండు జనరేటర్లు అమర్చారు. ఒకటి ఎంజిను కోసం, రెండోది ప్యానెల్, రేడియోల కోసం. మొదటిది చెడితే రెండోది దానంతటదే ఎంజినుకు మారిపోతుంది. అప్పటినుంచి పైలట్ ముందున్న తెరలన్నీ బ్యాటరీ మీద నడుస్తాయి.