అన్ని షికార్లకూ పుట్టిల్లు ఆ తోటే

2021 జూన్‌లో హైదరాబాద్ జూపార్కులో రాణి అనే ఆడ ఏనుగు కన్నుమూసింది. దాని వయసు 83. అమ్మమ్మ, అమ్మ, మనవరాలు ముగ్గురూ చిన్నతనంలో ఈ ఒక్క ఏనుగునే చూసిన కుటుంబాలు ఈ ఊళ్లో చాలానే ఉంటాయి. కానీ రాణి మొదటి నుంచీ జూపార్కు ఏనుగు కాదు. దాన్ని చూడాలంటే ఒకప్పుడు నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌కు వెళ్లాల్సి వచ్చేది. 1963 అక్టోబరులో కొత్త జూ తెరిచే వేళకు తోటలోంచి బహదూర్‌పురాకు తరలించిన జంతువుల్లో ఇదీ ఒకటి.

చిన్నపిల్లలున్న హైదరాబాద్ ఇంట్లో ఆదివారం పొద్దున వినిపించే పేర్లు కొన్ని ఉన్నాయి. జూపార్కు, బాలభవన్, మమ్మీ ఉన్న మ్యూజియం, చలికాలమైతే నుమాయిష్. ఒక్కోదాని పాత చరిత్ర తీసి చూస్తే నాలుగూ ఆ తోటకే చేరతాయి. రెండు అక్కడ పుట్టి మరోచోట స్థిరపడ్డాయి, రెండు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. ఇంత చేసిన తోటను మాత్రం మనం పొద్దున్నే నడిచేవాళ్లకు వదిలేశాం.

నిజాముల కాలంలో, 19వ శతాబ్దంలో వేసిన తోట ఇది. పాత పేరు బాగె ఆం. ఆ రోజుల్లో ఊళ్లో తోటలకు కొదవ లేదు. అయితే చాలావరకు దేవిడీల గోడల వెనకే ఉండేవి, లోపలికి అడుగు పెట్టాలంటే ఎవరో ఒకరి పిలుపు కావాలి. ఈ తోటకు ఆ పిలుపుతో పనిలేదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 40వ పుట్టినరోజు గుర్తుగా 1905లో పని మొదలుపెట్టి 1913లో పూర్తి చేసిన టౌన్‌హాలు ఈ ఆవరణలోదే. తర్వాత అది శాసనసభ అయింది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలన రజతోత్సవం 1937లో ఇక్కడి జూబ్లీహాల్లోనే జరిగింది. పిల్లలకు ఈ భవనాలతో ఏం పని? వాళ్లకు కావలసినవి పరిగెత్తడానికి గడ్డి, చూడ్డానికి జంతువులు. రెండూ ఉండేవి.

రాణి పుట్టిన 1938లోనే ఈ తోటలో నుమాయిష్ కూడా మొదలైంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి బయటికొచ్చిన పట్టభద్రుల సంఘం సంస్థానంలో ఆర్థిక సర్వే చేయాలనుకుంది. చేతిలో డబ్బు లేదు. హైదరాబాద్‌లో తయారయ్యే సరుకులతో ఒక ప్రదర్శన పెడితే నాలుగు డబ్బులు వస్తాయి, సరుకుకూ పేరొస్తుంది అనుకున్నారు. ఏడో నిజాం వచ్చి ప్రారంభించాడు. వాళ్ల మొదటి పెట్టుబడి రెండున్నర రూపాయలని, నుమాయిష్ నడిపే ఎగ్జిబిషన్ సొసైటీ చరిత్ర చెప్పేవాళ్లందరూ గర్వంగా చెబుతారు. ఏటేటా జనం పెరిగారు, తోట చాలలేదు. 1946లో ప్రదర్శన దగ్గర్లోని నాంపల్లి మైదానానికి మారింది. 1947, 48ల గందరగోళంలో ఆగిపోయి, 1949లో గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి చేతుల మీదుగా మళ్లీ మొదలైంది. కరోనా వల్ల 2021లోనూ జరగలేదు. మామూలుగా అయితే జనవరి 1న తెరుస్తారు, ఫిబ్రవరి నడిమి దాకా ఉంటుంది.

సర్వే మాట ఇవాళ ఎవరికీ గుర్తులేదు. నుమాయిష్ అంటే సాయంత్రం స్వెట్టర్లు, మంకీ టోపీలు తొడిగి పిల్లల్ని బయల్దేరదీయడం. కశ్మీరీ శాలువాల దుకాణం ముందు అమ్మ ఆగిపోతుంది, జెయింట్ వీల్ వైపు పిల్లలు లాగుతుంటారు, ఇద్దరి మధ్యా నాన్న మిర్చిబజ్జీల పొట్లంతో నిలబడతాడు. మైకులో అరగంటకోసారి ఒక పేరు వినిపిస్తుంది. ఎర్ర గౌను వేసుకున్న నాలుగేళ్ల పాప, తల్లిదండ్రులు వెంటనే ఆఫీసు దగ్గరికి రావాలి. ఆ మాట చెవిన పడగానే మైదానంలో ఉన్న ప్రతి తల్లీ తన బిడ్డ చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంటుంది. ఇంటి చిరునామా రాసిన చీటీని చొక్కా జేబులో పెట్టి పంపడం ఈ ఊళ్లో పాత అలవాటు. ఇప్పుడు చీటీలో ఫోన్ నంబరు ఉంటోంది, అంతే తేడా. ఆడవాళ్లకు మాత్రమే ప్రవేశం ఉండే లేడీస్ డే కూడా నుమాయిష్‌లో చాలా ఏళ్లుగా వస్తున్నదే. ఆ రోజు అమ్మ కొంగు పట్టుకుని వెళ్లే చిన్నపిల్లలు ఇంటికొచ్చాక నాన్నకు కథలు చెబుతారు. టికెట్ల మీద, స్టాళ్ల మీద వచ్చిన డబ్బుతో ఎగ్జిబిషన్ సొసైటీ కాలేజీలు నడుపుతోంది. సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ వాటిలోవే. పిల్లకు కొన్న బెలూను ఖర్చులో కొంత ఎవరో ఆడపిల్ల చదువుకు చేరుతోందన్నమాట. ఇది నాకు చాలా నచ్చే సంగతి.

నుమాయిష్ నుంచి తిరిగొచ్చే దారిలో మొజంజాహీ మార్కెట్ ఉంది. 1935 నాటి రాతి కట్టడం. చేత్తో తిప్పి చేసిన పండ్ల ఐస్‌క్రీం తినకుండా అక్కడి నుంచి కదలని పిల్లలు మూడు నాలుగు తరాలుగా ఉన్నారు. సీతాఫలాల కాలంలో అయితే పెద్దలూ కదలరు. ఏడో నిజాం రెండో కొడుకు మొజంజా పేరు మీద ఆ మార్కెట్. ఆయన భార్య నీలోఫర్ పేరు మీద రెడ్‌హిల్స్‌లో పిల్లల ఆసుపత్రి. 1953 నుంచి జిల్లాల బిడ్డలందరికీ అదే దిక్కు. చంటిపిల్లలతో నగరానికి వచ్చేవాళ్లంతా షికారుకే రారు. అందుకే ఆ ఆసుపత్రి పేరు కూడా ఈ జాబితాలో ఉండాలి.

జూ సంగతి. తోటలో జంతువులకు చోటు ఇరుకు. 1959లో కొత్త జూకు పని మొదలైంది, 1963 అక్టోబరు 6న నెహ్రూ జూలాజికల్ పార్కుగా జనానికి తెరిచారు. మీరాలం చెరువు పక్కన 380 ఎకరాలు. జంతువులకు అది మేలే, అందులో సందేహం లేదు. నడిచి వెళ్లి ఏనుగును చూసొచ్చే వీలు మాత్రం నాంపల్లి, ఆగాపురా, లక్డీకాపూల్ పిల్లలకు పోయింది. అప్పటి నుంచి జూ అంటే ఒక రోజంతా పట్టే పని. తెల్లవారుజామునే లేచి పులిహోర కలపడం, పూరీలు వేయించడం, టిఫిన్ క్యారేజీ, నీళ్ల మరచెంబు, పరుచుకోడానికి పాత దుప్పటి. జూలో టాయ్ ట్రైను ఎక్కేదాకా పిల్లలు అన్నం ముట్టరు. అది దిగాక ఏ చెట్టు కిందో దుప్పటి పరిస్తే మధ్యాహ్నం అక్కడే గడిచిపోతుంది. పక్క కుటుంబం దగ్గర్నుంచి ఆవకాయ ముక్క అడిగి తెచ్చుకునే చనువు అప్పటికి ఏర్పడుతుంది.

సికింద్రాబాద్ వైపు వాళ్లకు దారి కూడా ఒక షికారే. 1932లో 27 ఆల్బియన్ బస్సులతో నిజాం ప్రభుత్వం మొదలుపెట్టిన రవాణా సంస్థలో తర్వాత డబుల్ డెక్కర్లు వచ్చి చేరాయి. ట్యాంక్‌బండ్ మీదుగా అఫ్జల్‌గంజ్ వెళ్లే 7వ నంబరులో పై అంతస్తు ముందు సీటు కోసం పిల్లలు పోట్లాడుకునేవారు. ఎదురుగా అద్దం, కింద హుస్సేన్‌సాగర్, కొమ్మలు కిటికీని రాసుకుంటూ పోతాయి. ఆ ఇరవై నిమిషాలకు పెద్దలకయ్యే ఖర్చు మామూలు బస్సు చార్జీయే. 2000ల మొదట్లో అవి ఆగిపోయాయి. 2023లో విద్యుత్ డబుల్ డెక్కర్లు కొన్ని వచ్చాయి కానీ, అవి ఊరు చూపించడానికి తిప్పేవే, ఇంటి నుంచి జూపార్కుకు చేర్చేవి కావు.

సాలార్‌జంగ్ మ్యూజియానికి ఈ తోటతో చుట్టరికం లేదు. అయినా అక్కడి సంగీత గడియారం గురించి చెప్పకుండా ఉండలేను. గంటకోసారి చిన్న తలుపు తెరుచుకుని బొమ్మ మనిషి బయటికొస్తాడు, ఎంతైతే అన్ని గంటలు కొట్టి లోపలికి పోతాడు. పన్నెండింటికి ఎక్కువ గంటలు కొడతాడని తెలిసిన తల్లిదండ్రులు ఆ వేళకే పిల్లల్ని తీసుకొచ్చి హాల్లో కూచోబెడతారు. నాన్నల భుజాల మీద ఉన్న పిల్లలు గట్టిగా లెక్క పెడతారు.

తోటలో మిగిలినవి రెండు. 1930లో మొదలైన పాత హైదరాబాద్ మ్యూజియం, ఇప్పటి తెలంగాణ రాష్ట్ర పురావస్తు మ్యూజియం. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ ఈజిప్టు నుంచి తెప్పించిన మమ్మీ ఏడో నిజాంకు కానుకగా అంది, అక్కడి నుంచి ఈ మ్యూజియానికి చేరింది. అద్దాల పెట్టె దగ్గర పిల్లలడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఈమె వాళ్ల అమ్మ ఎక్కడుంది? రెండోది 1966లో వచ్చిన జవహర్ బాలభవన్. పాట, నాట్యం, బొమ్మలు గీయడం, తబలా. ఐదేళ్లు నిండిన పిల్లలకు ప్రవేశం. మధ్యతరగతి ఇంటికి భారంకాని ఫీజుతో అక్కడ కూచిపూడి మొదలుపెట్టిన అమ్మాయిలు ఎంతోమంది. పిల్లలు లోపల నేర్చుకుంటుంటే బయట చెట్ల కింద కూర్చున్న తల్లుల మధ్య మొదలైన స్నేహాలు పెళ్లిళ్ల దాకా వెళ్లాయి.

ఈ చోట్లన్నిటిలో నాకు కనిపించేది ఒకటే. ఇద్దరు చిన్నపిల్లలున్న గుమాస్తా కుటుంబం బస్సు చార్జీలు, రెండు మక్కకంకుల ఖర్చుతో రోజంతా గడిపి రాగలిగేది. కూర్చున్నందుకు ఎవరూ ఏమీ కొనమనేవారు కాదు. ఇవాళ షికారు మాల్స్‌లోకి మారింది. అక్కడ చల్లగా ఉంటుంది, టాయిలెట్లు శుభ్రంగా ఉంటాయి, బండిలో బిడ్డను కూచోబెట్టి తిప్పొచ్చు. తల్లులు అటు మొగ్గుతున్నారంటే తప్పు వాళ్లది కాదు. తోటలో చంటిబిడ్డకు పాలివ్వడానికి చాటు లేకపోతే, లంగోటా మార్చడానికి గట్టు లేకపోతే, ఎదుటి రోడ్డు దాటడానికి ప్రాణం చేత్తో పట్టుకోవాల్సి వస్తే ఎవరైనా ఎందుకొస్తారు? ఇవేవీ కోట్లు పెట్టి కట్టాల్సినవి కావు. పూలకుండీలకూ రంగులకూ పెట్టే శ్రద్ధ ముందు వీటి మీద పెట్టాలని తోట బాధ్యత చూసే అధికారులకు మనవి.

చదువరులకూ ఒక మాట. అసెంబ్లీ, నాంపల్లి మెట్రో స్టేషన్లు తోటకు నడిచి చేరే దూరంలోనే ఉన్నాయి. వచ్చే ఆదివారం ఒక దుప్పటీ, ఇంత పులిహోరా పట్టుకుని పిల్లలతో వెళ్లండి. తోటలోకి టికెట్టు లేదు.