కొల్లేటి ఐసు డబ్బాలు

విదేశంలో పెరుగుతున్న మా మనుమడు కిందటి వేసవిలో, "తాతయ్యా, మీ ఊళ్ళో చేపల్ని డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీలు ఉండేవా?" అని అడిగాడు. చేపను రేకుడబ్బాలో మూసి అమ్మే అలవాటు మా సీమకు పట్టలేదు. మా వద్ద డబ్బాలో పెట్టినది నీటిని. ఆకివీడు, కైకలూరు ప్రాంతాల ఐసు ఫ్యాక్టరీలలో, అమ్మోనియాతో చల్లబరచిన ఉప్పునీటి తొట్టెలోకి మంచినీరు నింపిన పొడుగాటి రేకుడబ్బాలను దించేవారు. గడ్డకట్టిన పిదప పైకి తీసి, మామూలు నీటిలో ఒకమారు ముంచి బోర్లిస్తే దిమ్మ జారి పడేది. కొల్లేటి చేప చెడకుండా హౌరా చేరడానికి ఆ దిమ్మయే ఆధారం.

దండి దశకుమారచరితంలో మంత్రగుప్తుని కథలో ఆంధ్రనగరం చెంత సముద్రమంతటి సరస్సు వస్తుంది. అది కొల్లేరేనని పలువురు పెద్దలు తలచారు. ప్రియురాలి దంతక్షతాలతో పెదవి నొచ్చిన మంత్రగుప్తుడు ఓష్ఠ్యాలు లేకుండా కథ చెబుతాడు కనుక మత్స్యమనీ మీనమనీ పలకడానికి అతనికి వీలే లేదు. (ఝషం ఉన్నది కదా అని వ్యాకరణం చదివినవారు అడ్డు తగిలితే అంగీకరిస్తాను.)

నా చిన్ననాడు కొల్లేటిలో చేప అంటే వేట, పంట కాదు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చి పోసిన వరదను ఉప్పుటేరు సముద్రానికి మోసుకుపోయేది. నీరు తీసిన మేర వరి వేసేవారు. 1976లో, జలగం వెంగళరావు గారు ముఖ్యమంత్రిగా ఉన్న కాలాన, మత్స్యకారుల సహకార సంఘాలకు సరస్సులోనే చెరువులు ఏర్పరచారు. నేను ఉద్యోగంలో చేరి ఒక లంక గ్రామానికి వెళ్ళేసరికి సంఘాల చెరువుల పక్కన ఆసాముల చెరువులు కూడా వెలిశాయి.

ఆ వ్యవహారమంతా ఒక గొలుసు. డెల్టా వడ్లు మిల్లుకు పోతాయి. తవుడు తాడేపల్లిగూడెం వైపు నూనె మిల్లులకు పోతుంది. నూనె తీసిన తవుడు చెరువుకు వస్తుంది. దానిని చిల్లులు పొడిచిన సంచులలో నింపి నీటిలో పాతిన గెడలకు కడతారు. బొచ్చెలు, శీలావతులు ఆ చిల్లుల వద్ద మూతులు పెట్టి తింటాయి. పట్టుబడి తెల్లవారుజామున జరిగేది. ఊకలో దాచిన దిమ్మలను పగులగొట్టి, వరుస చేప, వరుస ఐసుగా వెదురు గంపలలో సర్దేవారు. తరువాతి రోజుల్లో ప్లాస్టిక్ ట్రేలు వచ్చాయి. మా బడి పిల్లలు కొందరు ఆ పనికి పోయి, ముంజేతులకు పొలుసులతోనే తరగతికి వచ్చి నిద్రపోయేవారు. ఒకణ్ణి బెంచీ ఎక్కించాను. "రాత్రి మూడింటికి లేచానండీ" అన్నాడు. ఆ రోజు నేను చెబుతున్న పాఠం ఏదో ఇప్పుడు గుర్తు లేదు, వాడి చేతులు గుర్తున్నాయి.

1990 దశకంలో మా నాలుగెకరాల చేను కూడా చెరువయింది. కౌలు కాగితం మీద సంతకం నాదే. వరి మీద ఎన్నడూ చూడని సొమ్ము వచ్చింది. మా అమ్మాయి చదువు దానితోనే సాగింది. అయితే గట్టు ఊటకు పక్క చేను ఆరలేదు. ఆ రైతు రెండు పంటలు పోగొట్టుకొని, "మాస్టారూ, మీ నీళ్ళు మా చేలో ఉన్నాయండీ" అని మాత్రం అన్నాడు. మూడో ఏట తానూ కౌలుకిచ్చాడు.

1999లో ఐదో కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యమయింది. 2002లో కొల్లేరు రామ్‌సర్ చిత్తడినేలల జాబితాకెక్కింది. 2006లో అభయారణ్యంలోని గట్లను పేలుడు పదార్థాలు పెట్టి కూల్చారు. మా చేను కాంటూరుకు పైన ఉన్నది కనుక దాని జోలికి ఎవరూ రాలేదు. లోపల కూలినవాటిలో ఆసాములవీ ఉన్నాయి, సంఘంలో వాటా తప్ప సెంటు నేల లేని లంకవారివీ ఉన్నాయి. ఆ వారం మా ఊరి టీ కొట్టు దగ్గర నేను పెద్దగా మాట్లాడలేదు.

ఈ ఏటితో మా కౌలు గడువు తీరుతుంది. గట్లు తీయించి మళ్ళీ వరి వేయిద్దామా అని ఆ పక్క రైతునే అడిగాను. ఆయన నవ్వాడు. "చుట్టూరా చెరువులున్నాక మీ ఒక్కరి చేను ఎలా ఆరుతుందండీ, మాస్టారూ?"