గోడ అడగని తెర

అపార్ట్‌మెంట్‌లో గోడకు మేకు కొట్టకుండా ప్రొజెక్టర్ తెర నిలబెట్టడం కొత్త అవసరంలా కనిపిస్తుంది. నిజానికి తెరను గోడకు బిగించడమే తర్వాత వచ్చిన అలవాటు. తోలుబొమ్మలాట బృందాలు ఊరూరా తిరుగుతూ, గుంజలు పాతి, తెల్లబట్టలను ఈత ముళ్లతో కలిపి బిగించి కట్టేవి. బట్ట వదులైతే బొమ్మ అంచు చెదిరిపోతుంది. వాళ్ల నేర్పు ఆ బిగింపు దగ్గరే మొదలయ్యేది. 1910 ప్రాంతంలో తొలితరం సినిమా ప్రదర్శకుడు రఘుపతి వెంకయ్య క్రోనోమెగాఫోన్ అనే ప్రొజెక్టర్‌తో ఊళ్లు తిరిగి సినిమా బొమ్మలు చూపించారు; మద్రాసులో ఆయన గెయిటీ థియేటర్ కట్టింది ఆ తర్వాతే. టూరింగ్ టాకీసులైతే దశాబ్దాల పాటు డేరాతో పాటు తెరనూ మోసుకు తిరిగాయి.

తోలుబొమ్మలకు దీపం తెర వెనుక ఉంటుంది, సినిమాకు వెలుగు ముందు నుంచి పడుతుంది, రెంటికీ పోలికేమిటని అడగవచ్చు. బట్ట గుణం మారే మాట నిజమే: ఒకటి వెలుగును తనగుండా పోనివ్వాలి, రెండోది తిప్పి పంపాలి. నిలబెట్టడంలోని చిక్కు మాత్రం ఒక్కటే. ముడత పడకుండా లాగి పట్టాలి, ఒరిగిపోకుండా నిలపాలి. ఇప్పటి మూడుకాళ్ల స్టాండు, నేల మీది పెట్టెలోంచి పైకి లేచే తెర చేస్తున్నది ఆ పనే. గోడకు బిగిస్తేనే తెర చదునుగా ఉంటుందన్న వాదనలో కొంత బలముంది. అయితే ఆ చదును గోడ ఇచ్చింది కాదు, చట్రం లాగి పట్టడం వల్ల వచ్చింది. అదే చట్రాన్ని వెడల్పైన, బరువైన పాదాల మీద నిలిపినా బట్ట అంతే నునుపుగా ఉంటుంది.