సుంకం మోసేదెవరు? ఆంధ్ర రొయ్య ధరపై ఒక పరిశీలన

దిగుమతి సుంకాలపై తెలుగులో వస్తున్న విశ్లేషణల్లో ఒక మాట తిరుగులేని సూత్రంలా చెలామణి అవుతోంది: ఏ దేశం సుంకం వేస్తే ఆ దేశ ప్రజలే దాన్ని కడతారు. దీనికి మూలం ఆర్థికవేత్తలు మేరీ అమితి, స్టీఫెన్ రెడింగ్, డేవిడ్ వైన్‌స్టీన్ 2019లో ప్రచురించిన అధ్యయనం. 2018లో అమెరికా వేసిన సుంకాల భారం దాదాపు పూర్తిగా అక్కడి కొనుగోలుదారుల మీదే పడిందని వారు తేల్చారు. ఆ లెక్కను తెచ్చి భీమవరం, కైకలూరు రొయ్యల చెరువులకు అతికించడంపైనే నా అభ్యంతరం. రొయ్య విషయంలో సుంకం ముందుగానూ, ఎక్కువగానూ పడేది రైతు మీదే అన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

అమితి బృందం పరిశీలించింది రేవు ధరను. సరుకు అమెరికా కస్టమ్స్‌కు చేరేసరికి సుంకం కలపని ధర తగ్గలేదు కనుక ఎగుమతిదారు దిగిరాలేదని వారి వాదం. కొనేవాడికి వెంటనే మరో చోటు దొరకని సరుకుకు ఇది సబబే. రొయ్యకు ఆ అండ లేదు. ఈక్వెడార్, ఇండొనేషియా, వియత్నాం అదే వనామీ రకం రొయ్యను అమ్ముతున్నాయి. పైగా రేవు ధరలో ఎగుమతిదారు, ఏజెంటు, రైతు ముగ్గురి వాటాలూ కలిసి ఉంటాయి. అది కదలకపోయినా రైతు వాటా కూలిపోవచ్చు. ఉక్కు విషయంలో విదేశీ ఎగుమతిదారులు ధర తగ్గించారని 2020లో అదే బృందం రాసింది. ఎదురు సుంకాలు పడినప్పుడు అమెరికా ఎగుమతిదారులు సైతం ధర దించుకున్నారని ఆర్థికవేత్త గీతా గోపీనాథ్ సహరచయితగా 2021లో వచ్చిన అధ్యయనం చూపింది. మన విశ్లేషకులు 2019 దగ్గరే ఆగిపోయారు.

ఇక 2025 ఏప్రిల్ సంగతి. ఆ నెల 2న ట్రంప్ ప్రభుత్వం భారత సరుకుపై 26 శాతం ప్రతీకార సుంకం ప్రకటించింది. 9న అది అమల్లోకి వచ్చిన కొద్ది గంటల్లోనే 90 రోజులు వాయిదా పడి, 10 శాతం మాత్రం మిగిలింది. అంటే 26 శాతం ఆచరణలో వసూలు కానేలేదు. చెరువుగట్టు ధర మాత్రం ప్రకటన వెలువడిన రోజుల్లోనే పడిపోయింది. రొయ్యకు మినహాయింపు సాధించాలని ముఖ్యమంత్రి చంద్రబాబు కేంద్ర వాణిజ్య మంత్రి పీయూష్ గోయల్‌కు లేఖ రాయాల్సి వచ్చింది. అమెరికా ప్రధానంగా కొనేది పెద్ద రొయ్య. అటు పెద్దగా పోని 100 కౌంటు (కిలోకు వంద తూగే చిన్న రొయ్య) ధర కూడా ఎందుకు కోశారని రైతులు నిలదీశారు. అమితి బృందం సూత్రంలో ఈ ప్రశ్నకు చోటే లేదు.

జవాబు పట్టుబడిలో, అంటే చెరువులో రొయ్య పట్టి అమ్మే వేళలో, ఉంది. ఏజెంటు వలవేసి, కిలో రొయ్య తూచి, కౌంటు లెక్కపెట్టి, ఆ ఉదయం ప్రాసెసింగ్ ప్లాంటు నుంచి ఫోన్‌కు వచ్చిన రేటు చెబుతాడు. నచ్చకపోతే రైతు ఆగాలి. ఆగితే రోజూ మేత, ఏరియేటర్లకు కరెంటు, వాటికి మించి వైట్‌స్పాట్ వ్యాధి భయం. చెరువులో ఉన్నది అరువు మేతతో పెరిగిన రొయ్య. ఐసు వేసిన సరుకు వెంటనే ప్లాంటుకు చేరాలి. కోల్డ్ స్టోరేజీ రైతుది కాదు. ఆగగలిగినవాడికీ ఆగలేనివాడికీ బేరం పడితే సుంకం భయమంతా రెండోవాడి ధరలోంచే తీస్తారు.

ఇది ఈనాటి సంగతీ కాదు. 2005లో అమెరికా భారత్ సహా ఆరు దేశాల రొయ్యపై యాంటీ డంపింగ్ సుంకం వేసింది. దిగుమతిదారులు భారీ పూచీ బాండ్లు పెట్టాలని కూడా పట్టుబట్టింది. బాండ్లపై భారత్ ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కి 2008లో గెలిచింది. ఆ సంస్థ తీర్పు ఇక మీదటి కాలానికే వర్తిస్తుంది, జరిగిన నష్టానికి పరిహారం రాదు. యాంటీ డంపింగ్ ఉత్తర్వు మాత్రం ఇరవయ్యేళ్లు దాటినా నిలిచే ఉంది. 2025 ఆగస్టు 27 నాటికి మన రొయ్యపై పడిన భారాన్ని పరిశ్రమ 58.26 శాతంగా లెక్కగట్టింది. అందులో 2.49 ఆ ఉత్తర్వు కింద పడేదే. 5.77 కౌంటర్‌వెయిలింగ్ (సబ్సిడీలకు విరుగుడుగా వేసే) సుంకం. మిగిలిన 50 ఒకే నెలలో రెండు విడతలుగా వచ్చిపడింది. అదే నెలలో ఈక్వెడార్‌పై కొత్తగా పడినది 15 శాతమే. అమెరికాకు తగ్గిన సరుకులో కొంత చైనా, వియత్నాం, యూరప్‌లకు మళ్లిన మాట నిజమే.

కానీ ఏప్రిల్ 2 నుంచి ఆగస్టు 27 దాకా అయిదు నెలలైనా కాలేదు. వనామీ ఒక పంట తీయడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. ఒక పంటకు కాస్త పైబడిన కాలంలో సుంకం 26, 10, 25, 50 అంటూ మారిపోయింది. సీడు (రొయ్య పిల్లలు) వదిలినప్పుడు వేసుకున్న ఏ లెక్కా పట్టుబడి నాటికి నిలవలేదు. రైతు మీద పడే ఈ భారం రొయ్యకే పరిమితం కాదు. నిల్వకు ఆగని ఏ పంటపైనైనా పెద్ద దేశాలు వేసే సుంకం పండించినవాడి మీద పన్నే.

కాబట్టి రాష్ట్ర మత్స్యశాఖ కౌంటువారీ చెరువుగట్టు ధరలను రోజూ నమోదు చేసి పరిశోధకులకు అందుబాటులో ఉంచాలి. ఢిల్లీ ప్రతినిధులు ఆ పట్టికతోనే చర్చలకు కూర్చోవాలి. సీడు వదిలిన నాటి సుంకమే పట్టుబడి నాటికీ వర్తించాలన్న హామీ లేని ఏ వాణిజ్య ఒప్పందంపైనా భారత్ సంతకం చేయకూడదు.