పదునొకండక్షరముల పదము

ఇటలీ భాషలోని దీర్ఘపదములను అక్షరములుగా విభజించి పలుకు పద్ధతికి వ్యాకరణముకంటె ముందుగా కవిత్వమే కొలబద్ద యైనదని నా యభిప్రాయము. 1303-05 ప్రాంతమున దాంతే మహాకవి, దేశభాషాకవిత్వమును గూర్చి లాటిను భాషలో ‘దె వుల్గారి ఎలోక్వెంతియా’ యను గ్రంథమును వ్రాయబూని, రెండవ భాగము నడుమనే విడిచిపెట్టెను. ఆ భాగమున నతడు పదములను దువ్వి తీర్చినవనియు, చింపిరివనియు వేరుచేసి, చింపిరివానిలో బహ్వక్షరపదములు ఉదాత్తశైలికి అలంకారములని చెప్పుచు, ‘సోవ్రమఞిఫిచెంతిస్సిమమెంతె’ యను పదమును జూపెను. అత్యంతవైభవోపేతముగా నని దాని భావము. సో-వ్ర-మ-ఞి-ఫి-చెన్-తిస్-సి-మ-మెన్-తె: లెక్కింపుడు, పదునొకండు! ఇటలీ కవులు మిక్కిలి ఆదరించు పాదమునకు సాధారణముగా నక్షరములు పదునొకండే. పదియవ యక్షరముపై ఊనిక విధిగా నుండవలెను. ఈ పదమునను ఊనిక పదియవదియగు ‘మెన్’ మీదనే పడుచున్నది. ‘ఒనొరిఫికాబిలితుదినితాతె’ యను మరియొక దీర్ఘపదము పండ్రెండక్షరములది యగుటచే ఏ పాదమునను ఇమడదని దాంతే దానిని పరిగణింపలేదు.

ఈ విభజన తెలుగువానికి కొంత వింతగా దోచును. ‘తిస్-సి’లోని ద్విత్వమును ఇటలీవారు నడుమ ఖండించి మొదటి సకారమును వెనుకటి యక్షరమునకు జేర్తురు. మన లిపి రెండు సకారములను తరువాతి యచ్చునకే తగిలించి ‘స్సి’ యని వ్రాయును. అయినను మన ఛందస్సు ద్విత్వమునకు ముందున్న ‘తి’ని గురువుగా గణించును గనుక, లిపులు వేరైనను చెవులు చెప్పిన తీర్పు ఒక్కటియే. ‘వ్ర’ వంటి సంయుక్తమును వారు విడదీయరు. సకారము వెంట హల్లు వచ్చినచో ‘పా-స్తా’ యని రెంటిని ముందుకే త్రోయుదురు.

ఇటలీ వ్రాతలో కానరాని భేదములును గలవు. ఎకార ఒకారములు ఒక్కొక్కటి రెండేసి విధముల పలుకబడుట గమనించి, జాన్ జోర్జో త్రిస్సినో 1524లో గ్రీకు లిపినుండి ఎప్సిలాన్, ఒమేగాలను దెచ్చి చేర్పజూచెను; పండితులు కొందరు తీవ్రముగా నెదిర్చిరి, లోకము స్వీకరింపలేదు. దాంతే గ్రంథమును 1529లో ఇటలీ భాషలోనికి మార్చి ప్రకటించినవాడును ఇతడే.

దాంతే ఉదాత్తతకై చూపిన కొలత పదునేడవ శతాబ్దిలో పరిహాసమునకు బనికివచ్చినది. కోర్తోనా పట్టణపు సన్న్యాసి ఫ్రాంచెస్కో మోనెతి తన వ్యంగ్యకావ్యమున, తలక్రిందులుగా మహావేగముతో నను నర్థమున ‘ప్రెచిపితెవోలిస్సిమెవోల్మెంతె’ యను పదమును ప్రయోగించెను. వారి లిపిలో 26 వర్ణములు. అక్షరములు మరల పదునొకండే. పలుకువారు ‘లిస్’ వద్ద ద్విత్వమును నొక్కి, ‘వోల్’ వద్ద నిలువక, ఊనికను ‘మెన్’ మీద వేసి, కడపటి ‘తె’ను తేలికగా విడువవలెను.