రియాలిటీ షోల వీక్షణ: మనస్తత్వ కోణం

ముందే రాసిపెట్టిన సంభాషణలతో పని లేకుండా, మనుషులు తమ పేర్లతోనే పాల్గొనగా చిత్రీకరించి, ఎడిట్ చేసి చూపే టెలివిజన్ కార్యక్రమాలు రియాలిటీ షోలు. వీటిని ఎవరు, ఎందుకు చూస్తారన్నది మాధ్యమ మనస్తత్వ శాస్త్రంలో ఒక పరిశోధనాంశం.

నేపథ్యం
1973లో అమెరికాలో ప్రసారమైన ‘యాన్ అమెరికన్ ఫ్యామిలీ’ ఈ కోవకు తొలి ఉదాహరణల్లో ఒకటి. 1999లో నెదర్లాండ్స్‌లో మొదలైన ‘బిగ్ బ్రదర్’ పోటీదారులను ఒకే ఇంట్లో ఉంచి, కెమెరాల నిఘాలో చూపే పద్ధతిని ప్రపంచమంతా వ్యాపింపజేసింది. దాని తెలుగు రూపం ‘బిగ్ బాస్’ 2017లో స్టార్ మాలో జూనియర్ ఎన్టీఆర్ వ్యాఖ్యాతగా ప్రారంభమైంది.

వీక్షకుల స్వభావం
పరిశోధకులు స్టీవెన్ రీస్, జేమ్స్ విల్ట్జ్ 2004లో ప్రచురించిన అధ్యయనంలో 239 మంది పెద్దలను 16 మౌలిక కోరికల ఆధారంగా పరిశీలించారు. ఈ షోలను ఎక్కువగా ఇష్టపడేవారిలో హోదాపై, అంటే నలుగురిలో గుర్తింపుపై, మక్కువ అధికంగా కనిపించింది. ప్రతీకారేచ్ఛతోనూ కొంత సంబంధం తేలింది. సాటి సామాన్యుడు ప్రముఖుడు కావడం ‘నేనూ కావచ్చు’ అన్న ఊహకు ఊతమిస్తుందని, తెరమీది వారికన్నా తామే మెరుగన్న తృప్తి కూడా కలగవచ్చని వారి వివరణ.

పాపచరిస్సి, మెండెల్సన్‌ల 2007 అధ్యయనంలో ప్రధానంగా తేలిన కారణాలు అలవాటు, కాలక్షేపం, వినోదం. తమ జీవితం తమ చేతుల్లో లేదని భావించేవారు, నలుగురితో కలవడం తక్కువగా ఉన్నవారు మాత్రం తోడు కోసం, ఇతరుల బతుకుల్లోకి తొంగిచూడటం కోసం చూసే ధోరణి కనబరిచారు.

ఏకపక్ష అనుబంధం
తెరమీది వ్యక్తి తమకు బాగా తెలిసినవాడే అనిపించడాన్ని పరిశోధకులు హోర్టన్, వోల్ 1956లోనే వర్ణించారు. రోజూ ప్రసారమయ్యే షోలో ఈ చనువు త్వరగా ముదురుతుంది. పోటీలో ఎవరు కొనసాగాలో తేల్చే ప్రేక్షకుల ఓటు ఈ చనువుకు చేతల రూపమిస్తుంది. 2018 తెలుగు బిగ్ బాస్‌లో పోటీదారు కౌశల్ కోసం ‘కౌశల్ ఆర్మీ’ పేరిట అభిమానులు ఏకం కావడం ఇందుకు ఉదాహరణ. అదే షోలో 2023లో ‘రైతుబిడ్డ’గా బరిలోకి దిగిన పల్లవి ప్రశాంత్ గెలుపును సామాన్యుడి గుర్తింపు కోణంలో చూడవచ్చు.

పరిమితులు
ఈ అధ్యయనాలు చాలావరకు వీక్షకులు తమ గురించి తాము ఇచ్చిన సమాధానాలపై ఆధారపడ్డాయి. స్వభావానికీ వీక్షణకూ సంబంధం ఉందని చూపుతాయే తప్ప, ఒకటి రెండోదానికి కారణమని నిరూపించవు. పాటల పోటీని మెచ్చేవారూ బిగ్ బాస్‌లో బయటకు పంపేందుకు ఒకరినొకరు సూచించుకునే నామినేషన్ల గొడవలకు అతుక్కుపోయేవారూ ఒకే కోవకు చెందాలని లేదు. అందుకే ‘రియాలిటీ షో ప్రేక్షకుడు’ అనే ఒకే మూసను ఈ ఫలితాల నుంచి గీయలేం.