దాత, ధర్మకర్త, గ్రహీత: అండమాన్ నికోబార్ దీవుల సేవాసంస్థల చరిత్ర

పూర్వము ఆంధ్రదేశమున రాజులును, వర్తకులును ఆలయమునకో, సత్రమునకో, చెరువునకో భూదానము చేసినప్పుడు రాతిమీద శాసనము వేయించెడివారు. దాత పేరు, దానమిచ్చిన భూమి యెల్లలు, ధర్మమును నడుపవలసినవారు, అది జరుగవలసిన రీతి అందు వరుసగా చెక్కబడియుండును. ఈ ధర్మమునకు హాని తలపెట్టినవాడు మహాపాపముల పాలగునను శాపవాక్యము తరచుగా చివర కనబడును. రిజిస్ట్రారు గాని, ఆడిటరు గాని లేని కాలమున ఆ శాపమే తనిఖీ. లాభాపేక్ష లేని సంస్థకు వలసిన నిధి, నాయకత్వము, నిర్వహణ అను మూడంగములును ఆ రాతిమీదనే యున్నవి. సత్రమున భోజనము చేయు బాటసారి మాట మాత్రము అందు వినబడదు. ఇది స్వల్పలోపముగా తోచవచ్చును. దాని పర్యవసానమెంత పెద్దదో అండమాన్ నికోబార్ దీవుల చరిత్ర చెప్పుచున్నది.

రాతిశాసనము స్థానమున కాగితపు శాసనము 1860లో వచ్చెను. ఆ యేటి 21వ చట్టమగు సంఘముల రిజిస్ట్రేషను చట్టము ప్రకారము ఏడుగురు వ్యక్తులు కూడి, తమ ఆశయములను వ్రాసి, సంతకములు చేసి సంఘమును స్థాపింపవచ్చును. కార్యవర్గ సభ్యుల జాబితాను ఏటేట దాఖలు చేయవలయును. సంఘము రద్దయినను మిగిలిన ఆస్తిని సభ్యులు పంచుకొనరాదు. వ్యక్తి పోయినను ధర్మము నిలుచుటకు ఇట్టి కట్టుబాట్లు అవసరము. కందుకూరి వీరేశలింగము పంతులు 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి తన యాస్తిని దానికి ధారవోయుటలోని దూరదృష్టి ఇదియే. తన సంస్కారకార్యము తనతో ముగియరాదని ఆయన తలచెను.

అండమాన్ దీవులలో సేవ పేరిట వెలసిన తొలి సంస్థల చరిత్ర వేరు. 1858 మార్చిలో పోర్ట్ బ్లెయిరున ఖైదీల వలస స్థాపింపబడెను. అడవులు నరకబడుటతో గ్రేట్ అండమానీయులకును, క్రొత్తవారికిని వైరము పెరిగెను. 1859 మేలో అబర్డీను వద్ద జరిగిన పోరులో విల్లంబులు తుపాకులకు ఓడెను. 1863లో క్రైస్తవ పురోహితుడగు హెన్రీ కార్బిన్ పర్యవేక్షణమున రాస్ దీవిలో “అండమాన్ హోమ్” వెలసెను. ఆ దీవికి 2018లో నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అని పేరు మార్చిరి. ఆదిమవాసులను ఆదరించి, నాగరికత నేర్పి, మిత్రులను చేసికొనుట ఆ గృహము యొక్క ప్రకటిత లక్ష్యము.

ఈ సంస్థకు నిధి లోపము లేదు, ప్రభుత్వమే పోషించెను. నాయకుడును కలడు. 1864లో కార్బిన్ తప్పుకొనగా హోమ్‌ఫ్రే ఆ బాధ్యత స్వీకరించెను. అన్నవస్త్రములకు కొదువ లేదు. కాని అందలి తొలి నివాసులు కాపలా నడుమ నుంచబడినవారు. వారిచే పని చేయించిరి, పారిపోయిన ఖైదీలను వెదకించిరి, పొగాకు అలవాటు చేసిరి. వారేమి కోరుచున్నారో అడుగుటకు సభ లేదు, వ్రాయుటకు పుస్తకము లేదు. గుమిగూడి బ్రతుకుట యెరుగని జనమును ఒకచోట చేర్చుటతో రోగములు సులభముగా వ్యాపించెను. 1877లో తట్టమ్మ వ్యాధి అనేకులను బలిగొనెను. ఆ గృహమున పుట్టిన శిశువులలో రెండేండ్లు దాటి బ్రతికినవారు లేరని చరిత్రకారులు చెప్పుదురు. వేలసంఖ్యలో నుండిన గ్రేట్ అండమానీయులు 1901 జనాభా లెక్కలనాటికి 625 మందియు, 1931 నాటికి 90 మందియు, 1961 నాటికి 19 మందియు మాత్రమే మిగిలిరి. ఈ క్షయమునకు ఆ గృహమొక్కటే కారణము కాదు. అయినను రక్షించుటకై నెలకొల్పిన గృహమే రోగమునకు ద్వారమయ్యెననుట కాదనరాని సత్యము.

ప్రభుత్వధనము ప్రజాసేవకు చేరుటకు మార్గాంతరము లేదా? స్వాతంత్ర్యానంతరము ఈ ప్రశ్నకు సమాధానము వెదకినవారిలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ ముఖ్యురాలు. రాజమహేంద్రవరమున 1909లో జన్మించిన ఈమె మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించి, చందాలు కూర్చి పెంచిన అనుభవశాలిని. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ సలహాసంఘము ఏర్పడినప్పుడు దానికి తొలి అధ్యక్షురాలయ్యెను. స్వచ్ఛంద సంస్థలకు ప్రభుత్వము గ్రాంటు నొసగవలె, లెక్క అడుగవలె, సేవను మాత్రము ప్రజలలో నుండి వచ్చిన కార్యకర్తలే నడుపవలెనను పద్ధతి ఆ సంఘము ద్వారా దేశమంతటను వ్యాపించెను.

గ్రాంటు గాని, చందాపుస్తకము గాని లేకయే సాగిన పరస్పర సహాయ వ్యవస్థ యొకటి నికోబార్ దీవులలో కలదు. దానిని “తుహెట్” అందురు. అనేక కుటుంబములు కలిసి కొబ్బరితోటలను, భూమిని ఉమ్మడిగా అనుభవించును. పెద్దలు పంపకములు చేయుదురు. ముసలివారును, అనాథలును ఆ నీడనే పోషింపబడుదురు. 1952లో తొలి లోక్‌సభకు నియమితుడైన బిషప్ జాన్ రిచర్డ్‌సన్ ఇట్టి సమాజమున పుట్టినవాడే.

2004 డిసెంబరు 26నాటి సునామీ ఈ వ్యవస్థను కుదిపివేసెను. ఊళ్లకు ఊళ్లు కొట్టుకొనిపోయెను. ప్రభుత్వమును, అనేక స్వచ్ఛంద సంస్థలును సహాయమునకై పరుగెత్తెను. వారి సానుభూతి నిజమైనది, ధనమును అపారము. పనిముట్లిచ్చినచో తమ యిండ్లు తామే కట్టుకొందుమని నికోబారీయులు కోరినట్లు తెలియుచున్నది. వారికి దొరకినవి మాత్రము ఎండకు కాగిపోవు రేకుల వసతులు. నష్టపరిహారము తుహెట్‌కు గాక చిన్న కుటుంబముల బ్యాంకు ఖాతాలలో జమయ్యెను. దానితో ఉమ్మడి కట్టు సడలెను. ఇచ్చిన చేయి మంచిదే, అడుగని నోరే లోపము.

అడిగి, ఆగి, పని చేయుట సాధ్యమేనా? అండమాన్ ఆదిమ జనజాతి వికాస సమితి చరిత్ర ఇందుకు కొంత ఆశ చూపుచున్నది. 1970వ దశాబ్ది నడుమ రిజిస్టరైన ఈ సంఘమునకు నిధి ప్రభుత్వపు గ్రాంటు, కార్యవర్గమున ఉన్నతాధికారులు. రూపమును బట్టి చూచిన ఇదియు పైనుండి దిగివచ్చినదే. జారవాలు అడవి వీడి ఊళ్ల చెంతకు తమంతట తాము వచ్చుట 1998 మొదలు పెరిగెను. మరుసటి యేడు వారికి తట్టమ్మ సోకగా, 1877 కథ తిరుగునా యని భయమేర్పడెను. ఈసారి వారిని ఆసుపత్రిలో చేర్చి వైద్యము చేసిరి. వారినేమి చేయవలెనను వివాదము కలకత్తా హైకోర్టుకెక్కెను. నిపుణులతో విచారణ జరిగిన పిదప 2004 డిసెంబరులో జారవా విధానము ప్రకటింపబడెను. వారి జీవనమున జోక్యము కనీసముగ నుండవలెననియు, తమ భవిష్యత్తును తామే నిర్ణయించుకొనుటకు వారికి అవకాశముండవలెననియు దాని సారాంశము. 2001లో 240 మందిగా లెక్కింపబడిన జారవాలు 2011లో 380 మందియైరి. ఎప్పుడు చేయి చాపవలెనో, ఎప్పుడు ముడుచుకొనవలెనో తెలియుటయు సేవాధర్మములో భాగమే.

నూటయేబది యేండ్లకు మించిన ఈ చరిత్ర పెద్ద సంస్థలకే గాక, ఉద్యోగులు సాయంవేళల నడుపుకొను చిన్న సంఘములకును వర్తించును. చందాపుస్తకము శుభ్రముగ నుండుట మంచిది. సర్వసభ్య సమావేశమున జమాఖర్చులు చదువబడుట అంతకన్న మంచిది. కార్యాలయమున పై కుర్చీలో కూర్చుండువాడు సంఘమునందును అదే కుర్చీలో కూర్చుండవలెనను నియమ మెచ్చటను లేదు. వెనుక వరుసలోని సభ్యుడు, అతని యిల్లాలు, క్రొత్తగా బదిలీపై వచ్చిన గుమాస్తా నోరు విప్పి యడిగిన మాట మినిట్సు పుస్తకమున కెక్కిన దినమే ఆ సంఘమునకు నిజమైన వార్షికోత్సవము. పూర్వపు రాతిశాసనమున లేని వాక్యమదియే. దానిని చేర్చుట నేటివారి వంతు.